పెట్టె విప్పకముందే: ఆల్విన్ ఫ్రిజ్ నుంచి హాస్టల్ హీట్ పంపు దాకా

 

ఇవ్వాళ్టి ముచ్చట రాజులది కాదు, కోటలది కాదు. ఒక యంత్రం లారీ దిగిన రోజుకీ, దాన్ని బిగించి స్విచ్ వేసే రోజుకీ మధ్యలో ఏం జరుగుతుంది? ఆ నాలుగు రోజుల చరిత్ర. చిన్న విషయమే కదా అనుకుంటారు. నేనూ అట్లనే అనుకుని దెబ్బ తిన్నాను. అది కూడా చెప్తాను.

మాది బోరబండ. ఏసీలు, హీట్ పంపులు బిగించడం నా పని. మా స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే ఒక దిక్కు భరత్‌నగర్, ఆ పక్కన సనత్‌నగర్ ఫ్యాక్టరీలు. ఇంకో దిక్కు తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. మా నాన్న బతుకంతా మొదటి దిక్కు. నా బతుకు రెండో దిక్కు.

ముందు హీట్ పంపు అంటే ఏంటో చూద్దాం. మోటారు నీళ్ళని కింది నుంచి పైకి తోడినట్టు, ఇది వేడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తోడుతుంది. ఫ్రిజ్ చేసేది ఇదే పని. లోపలి వేడిని తోడి వెనక జాలీ గుండా బయట పారేస్తుంది. అదే యంత్రాన్ని గాలిలోని వేడి తోడి నీళ్ళకి ఇమ్మంటే, వేడినీళ్ళ హీట్ పంపు అవుతుంది. 1 యూనిట్ కరెంటు తీసుకుని దాదాపు 3 యూనిట్ల వేడి ఇస్తుంది. అందుకే హోటళ్ళు, ఆసుపత్రులు, హాస్టళ్ళు గీజర్లు తీసేసి దీన్ని పెట్టుకుంటున్నాయి. ఆలోచన మాత్రం కొత్తది కాదు. 1852లోనే విలియం థామ్సన్, అంటే తర్వాత లార్డ్ కెల్విన్ అయిన ఆయన, ఇట్లాంటి యంత్రంతో భవనాలని వెచ్చబెట్టొచ్చని రాశాడు. అదే దశాబ్దంలో ఆస్ట్రియాలో పీటర్ ఫాన్ రిటింగర్ ఉప్పు తయారీలో ఈ సూత్రాన్ని వాడి చూపించాడు.

మరి మన ఊళ్ళో? 1942లో నిజాం పారిశ్రామిక నిధి, అల్లాదిన్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టారు. స్టీలు బీరువాలు, బస్సు బాడీలు, తర్వాత ఫ్రిజ్‌లు, గడియారాలు అక్కడ తయారయ్యేవి. మా నాన్న ఫ్రిజ్‌ల లోడింగ్‌లో ఉండేవాడు. ఇంటికి ఎవరైనా కొత్త ఫ్రిజ్ తెచ్చుకుంటే ఆయన ముందు చూసేది రంగు కాదు, ఆటోలో ఎట్లా తెచ్చారని. "పండవెట్టకుండ్రి, నిలవెట్టుండ్రి" అనేవాడు. కారణం ఉంది. అప్పటి కంప్రెసర్ లోపల మోటారు స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది. అడుగున నూనె ఉంటుంది. ఫ్రిజ్‌ని పడుకోబెడితే ఆ నూనె గ్యాస్ పైపుల్లోకి పోతుంది. నిలబెట్టి కొన్ని గంటలు ఆగితే నూనె కిందికి దిగుతుంది. ఆగకుండా స్విచ్ వేస్తే కంప్రెసర్‌కి దెబ్బ.

1990ల్లో ఆల్విన్ ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కి పోయింది. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. 2003లో ఎంఎంటీఎస్ వచ్చింది. మా బస్తీ పిల్లలు పానాలు, పైపు కట్టర్లు పట్టుకుని అటు బయల్దేరారు. నేనూ వాళ్ళల్లో ఒకణ్ణి.

ఇదే కాలంలో ఇంకో మార్పు వచ్చింది. అది కంటికి కనపడేది కాదు. పాత ఫ్రిజ్ గ్యాసు ఓజోన్ పొరని తినేస్తోందని 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది. 1992లో మన దేశమూ అందులో చేరింది. గ్యాసు మారింది. గ్యాసుతో పాటు కంప్రెసర్ నూనె కూడా మారింది. పాతది మినరల్ ఆయిల్, కొంచెం తడి తగిలినా ఓర్చుకునేది. కొత్తది పాలియోల్ ఎస్టర్ నూనె. ఇది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఆ తేమతో యాసిడ్ పుడుతుంది. యాసిడ్ మోటారు వైండింగ్ మీది పూతని తింటుంది. అంటే నాన్న కాలంలో "నిలబెట్టు" అన్న ఒక్క నియమం సరిపోయింది. మా కాలంలో "మూసిపెట్టు, పొడిగా పెట్టు" అన్నది తోడైంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

కొన్నేళ్ళ కింద మాదాపూర్ దగ్గర ఒక హాస్టల్‌లో పని ఒప్పుకున్నాను. వానాకాలం. రాత్రి పదింటికి లారీ వచ్చింది. డ్రైవర్ తొందర పెట్టాడు, చూడకుండానే రసీదు మీద సంతకం పెట్టాను. డాబా మీద నీలం పట్టా కప్పి వదిలేశాను. రాగి పైపుల చుట్టకి ఒక మూత ఊడి ఉంది. పది రోజులు వాన. తర్వాత పైపులు అతికి, పైపైన వాక్యూమ్ లాగి, గ్యాసు వదిలాను. బాగానే నడిచింది. సరిగ్గా డిసెంబరు చలిలో కంప్రెసర్ కాలిపోయింది. రెండు వందల మంది పిల్లలు పొద్దున్నే చన్నీళ్ళ బకెట్లు మోసుకున్నారు. కొత్త కంప్రెసర్ ఖర్చు నా మీదే పడింది. మా ఇంటావిడ గాజులు కుదువకి పోయినయ్. నాన్న ఒక్కటే అడిగాడు: "దింపినప్పుడు చూసినవా బిడ్డా?"

ఇప్పుడు నేను ఏం చేస్తానో చెప్తాను, పనికొస్తుంది. పెట్టెకి సొట్ట ఉన్నా, తడి ఉన్నా లారీ రసీదు మీద రాసి, ఫోటో తీసి, అప్పుడే సంతకం. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు నష్టాన్ని లిఖితపూర్వకంగా తెలపకపోతే లారీ సంస్థ మీద దావా వేయలేం. యంత్రాన్ని నేల మీద కాకుండా చెక్క దిమ్మల మీద, నీడన, నిలువుగా పెడతాను. పైపు మూతలు బిగించే నిమిషం దాకా తియ్యను. ఇప్పటి యంత్రాల్లో కొన్నింటికి ఆర్-32, ఆర్-290 లాంటి మండే గ్యాసులు ఫ్యాక్టరీలోనే నింపి వస్తాయి. వాటిని గాలి ఆడే చోట, పొయ్యికీ వెల్డింగుకీ దూరంగా ఉంచాలి. డాబా బరువు ముందే లెక్క చూడాలి. 500 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ళే అర టన్ను. అతుకులు వేసేటప్పుడు పైపులో నైట్రోజన్ పారాలి. వాక్యూమ్ 500 మైక్రాన్ల కిందికి దిగి, పంపు ఆపినా పైకి లేవకుండా నిలబడితేనే గ్యాసు వదలాలి.

చరిత్ర పుస్తకాల్లో యంత్రం కనిపెట్టినోళ్ళ పేర్లుంటాయి. దింపినోళ్ళ పేర్లుండవు. కానీ ఒక యంత్రం పదిహేనేళ్ళు నడుస్తుందా, ఆరు నెలలకే ఆగుతుందా అన్నది చాలాసార్లు లారీ పక్కన నిలబడ్డ మనిషి చేతిలోనే ఉంటుంది. నాన్న ఇప్పుడు లేడు. ఆయన తెచ్చిన ఆల్విన్ ఫ్రిజ్ మాత్రం ఆయన కంటే రెండేళ్ళు ఎక్కువే నడిచింది.

మీ ఇంట్లోనూ ఆల్విన్‌లో పనిచేసిన పెద్దలుంటే, వాళ్ళ ముచ్చట్లు అడిగి రాసిపెట్టుకోండి.