ఆయాసం వెనుక దాగిన గడ్డ

కాన్పయిన వారానికే బాలింతకు ఉన్నట్టుండి దమ్ము ఎగపోస్తే, ఇంట్లో నీరసమనుకుంటారు. ఊరి ఆర్‌ఎంపీ గ్యాస్ మాత్ర ఇస్తాడు. పట్నం ఆస్పత్రిలో నిమోనియాకో, గుండెనొప్పికో వైద్యం మొదలవుతుంది. కాలి సిరలో పుట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుందేమోనన్న అనుమానం వచ్చేసరికి ప్రాణం నిలిపే గంటలు గడిచిపోతాయి. పల్మనరీ ఎంబోలిజాన్ని గుర్తించడంలో ఈ ఆలస్యం ఈనాటిది కాదు.

ఊపిరితిత్తుల్లోని గడ్డ కాళ్ల సిరల నుంచి వస్తుందని 1846లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో శవపరీక్షల్లో తేల్చాడు. రక్తప్రవాహం మందగించడం, రక్తనాళం గాయపడటం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం గడ్డకు మూలమన్న అవగాహన ఆయన పేరుతోనే నిలిచింది. అయినా చాలాకాలం ఈ జబ్బు పేరు మరణం తర్వాతే బయటపడేది. 1908లో జర్మన్ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ ఛాతీ తెరిచి గడ్డ తీయబోయాడు. ఆ ఆపరేషన్‌తో తొలిసారి రోగి బతికింది 1924లో, మరో శస్త్రవైద్యుడు కిర్ష్‌నర్ చేతిలో.

1960లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ వైద్యులు బారిట్, జోర్డాన్ ప్రచురించిన పరీక్ష వైద్యాన్ని మలుపు తిప్పింది. మందివ్వని 19 మందిలో అయిదుగురు ఈ జబ్బుతోనే పోయారు. రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్‌తో మొదలైన చికిత్స అందిన 16 మందిలో ఒక్కరూ దీనితో పోలేదు. మందు దొరికింది, ఇక గుర్తించడమే మిగిలింది. 1990లలో సీటీ స్కాన్ గడ్డను కళ్లకు చూపింది. 2000 నాటికి కెనడా వైద్యుడు ఫిలిప్ వెల్స్ రూపొందించిన స్కోరు యంత్రం లేకుండానే అనుమానాన్ని లెక్కగట్టింది: కాలు వాచిందా? నాలుగు వారాల్లో ఆపరేషన్ జరిగిందా? నాడి వంద దాటిందా?

పరిజ్ఞానం ఇలా ముందుకు సాగినా, ఉత్తర తెలంగాణకు వైద్యం మెల్లగానే దగ్గరైంది. 2005లో మొదలైన 108 అంబులెన్సులు, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్రమంగా ఇక్కడికీ చేరాయి; 2008లో ఆదిలాబాద్ రిమ్స్ ఆస్పత్రి వచ్చింది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఒకప్పుడు పెద్ద పరీక్షకు ఆదిలాబాద్ రోగికి మూడువందల కిలోమీటర్ల అవతలి హైదరాబాదే దిక్కు.

అయితే ముప్పూ పెరిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కరీంనగర్ జిల్లాలో 80 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లే. గర్భంతో రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది, ఆపరేషన్‌తో నాళాలు గాయపడతాయి, మంచం పట్టడంతో ప్రవాహం మందగిస్తుంది. విర్కో చెప్పిన మూడూ ఒకే తల్లిలో కలుస్తాయి. ఆదిలాబాద్ ఏజెన్సీలో గోండు, కొలాం కుటుంబాలను పీడించే సికిల్ సెల్ జబ్బూ గడ్డల ముప్పు పెంచుతుంది. దాని ఛాతీ నొప్పి నిమోనియాలా కనిపించి వైద్యుణ్ని మరింత తికమక పెడుతుంది.

రక్తంలో గడ్డల జాడ పట్టే డి-డైమర్ పరీక్ష కోవిడ్ కాలంలో ఇంటింటి మాటైంది. కానీ కాన్పు, ఆపరేషన్ తర్వాత దాని అంకె సహజంగానే పెరుగుతుంది. ముప్పు తక్కువున్న రోగిలో అంకె మామూలుగా ఉంటే జబ్బు లేదనవచ్చు. పెరిగినంత మాత్రాన ఉందనలేం.

అందుకే మన దగ్గర ఆలస్యాన్ని తగ్గించే మొదటి పని అనుమానించడం. కారణం తెలియని ఆయాసంతో వచ్చిన ప్రతివారినీ ఎమర్జెన్సీ వార్డులో కాన్పు, ఆపరేషన్, కాలివాపు, సికిల్ సెల్ గురించి అడగాలి. అనుమానం బలంగా ఉండి, రక్తస్రావ ముప్పు లేకపోతే, స్కాన్ కోసం పెద్దాస్పత్రికి పంపే ముందే హెపారిన్ మొదలుపెట్టాలి. సిజేరియన్ తర్వాత ఇంటికి పంపే ప్రతి తల్లి చీటీలో ఒంటికాలి వాపు, హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీల్చితే ఛాతీలో పోటు కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయమని తెలుగులో రాసివ్వాలి. ఇందుకు కొత్త యంత్రమేదీ అక్కర్లేదు.