మందులకు లొంగని రోగాలపై పరిశోధన: మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఉన్న దారులు

జవహర్‌నగర్ అనగానే హైదరాబాద్ వాళ్లకు గుర్తొచ్చేది డంపింగ్ యార్డు. అదే జవహర్‌నగర్ చిరునామాతో 2008 నుంచి బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ నడుస్తోంది. అక్కడ టీబీ మందుల మీద ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. చెత్త పనిలో ఉన్న బస్తీల పిల్లలు ఆ ల్యాబుల్లోకి వెళ్లాలంటే దారేమిటన్నదే ఈ వ్యాసం.

కెమికల్ బయాలజీ అంటే చిన్న రసాయన అణువులను పనిముట్లుగా వాడి కణం లోపల ఏం జరుగుతుందో తెలుసుకునే శాస్త్రం. మందులకు లొంగని సూక్ష్మజీవుల అధ్యయనంలో దీనికి పెద్ద పాత్ర ఉంది. రిఫాంపిసిన్ టీబీ క్రిమిలోని ఒక ఎంజైమును పట్టుకుని పనిచేస్తుంది. ఆ ఎంజైమును తయారుచేసే ఆర్‌పీఓబీ జన్యువులో చిన్న మార్పు వస్తే చాలు, మందుకు పట్టు దొరకదు. కొన్ని క్రిములు లోపలికొచ్చిన మందును పంపు పెట్టి తోడినట్టు బయటికి నెట్టేస్తాయి. 2012లో అమెరికాలో ఆమోదం పొందిన బెడాక్విలిన్‌కు కూడా ఇప్పుడు లొంగని క్రిములు కనిపిస్తున్నాయి. ప్రపంచ టీబీ కేసుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనివే. ఇరుకు గదుల్లో, అరకొర తిండితో బతికేవాళ్లనే ఈ జబ్బు ముందు పట్టుకుంటుంది.

ఈ సమస్యకు మన ప్రాంతంతో ఇంకో లింకు కూడా ఉంది. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. మందులు తయారయ్యే చోటే మందులు పనిచేయకుండా పోయే పరిస్థితి పుడుతోందన్నమాట.

ఇక సంస్థల సంగతి. శామీర్‌పేట దాటితే తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ. అక్కడివి ఎక్కువగా కంపెనీ ఉద్యోగాలు. పీహెచ్‌డీ పట్టా కావాలంటే వేరే చోటు చూసుకోవాలి. బిట్స్ పీహెచ్‌డీ ప్రవేశాలు ఏటా రెండుసార్లు ఉంటాయి. అది ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీ, కుల రిజర్వేషన్ లేదు. ప్రభుత్వ రాయితీలతో పెరిగే ప్రైవేటు విద్యలో రిజర్వేషన్ ఎందుకు లేదన్న ప్రశ్న 93వ రాజ్యాంగ సవరణ తర్వాత కూడా అలాగే ఉంది. రిజర్వేషన్ అమలయ్యే కేంద్ర సంస్థ ఇదే జిల్లాలో బాలానగర్‌లో ఉన్న నైపర్. 2007లో ఐడీపీఎల్ ఆవరణలో మొదలైంది. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, కాస్త ఇవతల హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ, తార్నాకలో ఐఐసీటీ ఉన్నాయి. చివరి రెండింటిలో పట్టా ఏసీఎస్ఐఆర్ నుంచి వస్తుంది.

అన్నిటికన్నా ముందు చేతిలో ఉండాల్సింది సీఎస్ఐఆర్ నెట్ జేఆర్ఎఫ్. కెమికల్ సైన్సెస్ గానీ లైఫ్ సైన్సెస్ గానీ రాయొచ్చు. ఎమ్మెస్సీలో ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం మార్కులు చాలు, వయసులో ఐదేళ్ల సడలింపు ఉంటుంది. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్ 42,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం అదనం. సొంత ఫెలోషిప్‌తో వచ్చిన విద్యార్థికి గైడ్‌ను అడిగేటప్పుడు గొంతు కాస్త గట్టిగా ఉంటుంది. జేఆర్ఎఫ్ అందకపోయినా కంగారు పడొద్దు. 2024 నుంచి నెట్‌లో పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత ఇచ్చే కేటగిరీ పెట్టారు, ఆ స్కోరు ఏడాది చెల్లుతుంది. ఎస్సీ విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్ కూడా నెట్ ఆధారంగానే ఇస్తున్నారు. మీరు చేరబోయే సంస్థకు అది వర్తిస్తుందో లేదో ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి.

ఫెలోషిప్ మంజూరైందంటే నెలనెలా డబ్బు పడుతుందని కాదు. రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో కూడా ఏడు నెలల ఫెలోషిప్ బకాయి, 1,75,000 రూపాయల లెక్క రాయాల్సి వచ్చింది. అందుకే చేరిక పత్రం, హాజరు, గైడ్ సంతకాలు చేసిన ప్రతి కాగితం నకలు తేదీతో సహా దగ్గర పెట్టుకోండి. గైడ్‌ను ఎంచుకునే ముందు ఆ ల్యాబ్‌లో చేస్తున్నవాళ్లను, మానేసి వెళ్లినవాళ్లను కూడా కలవండి. ఎంతమంది చేరారు, ఎంతమంది పట్టాతో బయటికొచ్చారు, వాళ్లలో మనవాళ్లు ఎందరు అని అడగండి. వివక్ష ఎదురైతే ఫిర్యాదు తీసుకోవడానికి ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలని 2012 యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. అది ఏ గదిలో ఉందో, ఎవరు చూస్తున్నారో చేరిన వారంలోనే కనుక్కోండి.