రెసిడెన్సీ బజారు కాపురములు



వేంసూరు ప్రాంతమువారికి సరిహద్దు అననేమో నేను వేఱుగా చెప్పనక్కఱలేదు. 1947 వఱకు మన పొలిమేరలకీవల నిజాము ఏలుబడి, ఆవల ఇంగ్లీషువారి ఏలుబడి. ఇచ్చట చెల్లు నాణెము వేఱు, అచ్చట చెల్లు నాణెము వేఱు. ఇచ్చట కచేరీ భాష ఉర్దూ, అచ్చట ఇంగ్లీషు. నడుమనున్నది మాత్రము ఒకే తెలుగు, ఒకే వియ్యము. ఇట్టి సరిహద్దే హైదరాబాదు నగరము నడిబొడ్డున, ఇరువైపుల అంగళ్ల మధ్యగా నుండెను. ఆ గీటుకు లోపలి పేటకు రెసిడెన్సీ బజారని పేరు. 1933వ సంవత్సరమున అది తిరిగి నిజాము వశమై, సుల్తాన్ బజారని పేరు పొందెను. ఆ పేటలో ఎవరెవరు కాపురముండిరో, ఎట్టి ఇండ్లలో నుండిరో, అది మన కెట్లు సంబంధించునో నేడు మనవి చేసెదను.

మూసీనదికి దక్షిణమున చార్మినారు చుట్టును పాతనగరము. ఉత్తరపుటొడ్డున ఇంగ్లీషు కుంఫిణీ ప్రతినిధియగు రెసిడెంటు నివాసము. కిర్క్‌పాట్రిక్ అను రెసిడెంటు 19వ శతాబ్ది ఆరంభమున అచ్చట గొప్ప స్తంభములతో మేడ కట్టించెను. ఆయన ఖైరున్నీసా అను నగరపు కులీనవనితను వివాహమాడి, ఆమెకై ఆ తోటలోనే రంగమహలను అంతఃపురమును నిర్మించెను. ఆ మేడనే జనులు కోఠీ యనిరి. నేటికిని ఆ ప్రాంతమునకు అదియే పేరు.

మేడ వెంబడి అంగళ్లు వచ్చినవి. రెసిడెంటు అధికారము చెల్లు ఆవరణమున నిజాము కొత్వాలునకు పని లేదు. అప్పిచ్చిన సాహుకారునకు కావలసినది వసూలు నమ్మకము. రాజుగారి కొలువులోని సేనాపతులు అప్పు తీర్పుమన్నచో కత్తి చూపు కాలమది. కావున మార్వాడీలు, గుజరాతీలు, మరాఠీలు, తెలుగు కోమట్లు, ముస్లిములు ఈ గీటు లోపలికి చేరి దుకాణములు తెఱచిరి. 1814లో విలియం పామరు అచ్చట స్థాపించిన వడ్డీకోఠీ నిజాము ప్రభుత్వమునకే అధికవడ్డీల కప్పిచ్చి, తుదకు కూలిపోయెను. ఈ పేటవారు ఒకరిపై నొకరికి ప్రేమచే కూడినవారు కారు. ధనమునకు రక్షణ కోరి కూడినవారు. ఇరుగుపొరుగుతనము తరువాత వచ్చినది.

మన పల్లెలలో కలిగినవారి ఇల్లనగా మండువా లోగిలి. నడుమ వాన కురియు చావడి, చుట్టును వసారాలు, వెనుక పెరడు, పశువులకొట్టము. పేదవారికి తాటాకు పాక. బజారులో నేల ఖరీదెక్కువ; కావున అచ్చటి ఇల్లు వీథివైపు ఇఱుకు, లోపలికి పొడవు. వీథిముఖమున అంగడి, దాని వెనుక సరకుకొట్టు, మీద మిద్దెపై కాపురము. వీథిమీదికి చెక్క వరండా. నడుమ చిన్న ముంగిలి, అందులో బావి. గోడలు ఇటుకయు గచ్చుసున్నమును, దూలములు టేకు. ఆ టేకు మన గోదావరి అడవులవారికి క్రొత్త వస్తువు కాదు. ఒక ఇంటి డాబా ప్రక్క ఇంటి డాబాను తాకుచుండును. అప్పడములు ఎండవేయు స్త్రీలు వీథి దిగకయే నాలుగిండ్లవారితో మాటలాడుకొనుచుండిరి. తెలుగు ఇల్లాలికి మరాఠీయు, గుజరాతీ ఇల్లాలికి తెలుగును పట్టుబడినది ఏ బడిలో ననుకొన్నారు? ఆ డాబాలమీదనే.

ఇల్లు కాపురమునకే కాక యుద్ధమునకును పనికివచ్చిన దినము ఒకటి కలదు. 1857 జూలై 17వ తేదీన తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను నాయకులుగా రోహిల్లాలును నగరవాసులును రెసిడెన్సీపై దాడి చేసిరి. మేడ కెదురుగా నున్న అబ్బన్ సాహెబు, జయగోపాలదాసుల ఇండ్లలో చేరి, ఆ గోడల చాటునుండి కాల్పులు జరిపిరి. ఒక ఇల్లు ముసల్మానుది, ఒక ఇల్లు హిందూ సాహుకారుది. దాడి విఫలమయ్యెను. మౌల్వీని అండమానునకు పంపిరి. తుర్రెబాజ్ ఖాను 1859లో చంపబడెను. గీటు లోపలివారందఱు ఇంగ్లీషువారి ఛాయలో సుఖించినవారే యని తలచుట పొరపాటు.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగెను. నది కిరుకెలంకుల నున్న పేటలలో మట్టిగోడల ఇండ్లు ఒక్క పూటలో కరిగిపోయెను. సుమారు 15,000 మంది చనిపోయిరని అంచనా. ఏటికి కులభేదము లేదు గాని, ఇంటిగోడలకు కలదు: గచ్చు మేడలు పెక్కు నిలిచెను, పేదల కొంపలు పోయెను. తరువాత మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఎగువను ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు కట్టబడెను. 1912లో నగరాభివృద్ధిసంఘ మేర్పడి, ఇఱుకు సందులు తెఱపించి, తక్కువ అద్దె ఇండ్లు కట్టించుటకు పూనుకొనెను. అద్దెదారు క్షేమము ప్రభుత్వపు బాధ్యతయను తలంపు మన నగరములో వేళ్లూనుటకు ఆ వఱద ముఖ్యకారణమని నా యభిప్రాయము.

ఇక తెలుగువారి మాట. 1901లో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పుట్టెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజాగారగు నాయని వెంకటరంగారావుగారు దానికి చేయూతనిచ్చిరి. ఒక గృహస్థుడు తన ఇంటిలో కొంత చోటు పుస్తకముల కిచ్చుటచే ఒక జాతికి చదువుకొను తావు దొరకెను. ఆ భాషానిలయము తరువాత సుల్తాన్ బజారునందు సొంత భవనమున స్థిరపడెను. రాజ్యమునందు సభ జరుపుకొనుటకు ముందుగా అనుమతి కావలసిన దినములలో గీటు లోపలి ఇండ్లు కొంత ఊపిరి పీల్చుకొను చోట్లయ్యెను.

అయినను ఆ పేట చుట్టుప్రక్కల అన్నియు తియ్యని దినములే కావు. 1921 నవంబరులో వివేకవర్ధినీ నాటకశాలలో మహర్షి కర్వేగారి యధ్యక్షతను సంఘసంస్కారసభ జరుగుచుండ, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచిరి. సభలోని యితర భాషలవారు గేలిచేసి అల్లరి చేసిరి. పొరుగున కాపురమున్నంత మాత్రమున పొరుగువాని భాషకు గౌరవము కలుగదని ఆ రాత్రి తేలెను. అవమానపడిన తెలుగువారు వెంటనే ఆంధ్రజనసంఘము నేర్పఱచుకొనిరి. 1930లో జోగిపేటయందు కూడిన ఆంధ్రమహాసభ దాని ఫలమే.

తెలుగువారి యవమానము చెప్పి, తెలుగువారు చేసిన యవమానము దాచుట న్యాయము కాదు. బావి అందఱిదని అంటిమిగాని, అందఱిలో అంటరానివారని త్రోయబడినవారు చేరలేదు. వారి పిల్లలకై భాగ్యరెడ్డివర్మగారు 1910లో కోఠీ చెంతనున్న ఇసామియా బజారున బడి పెట్టవలసివచ్చెను. పది భాషలు కలిసిన చోటను ఒక కడవ కలియలేదు.

నేడు రెసిడెన్సీ మేడ స్త్రీల విద్యాస్థానము. 1949లో అచ్చటికి స్త్రీల కళాశాల వచ్చెను. 2022లో అది విశ్వవిద్యాలయమయ్యెను. బజారు మీదుగా మెట్రో రైలుదారి 2020 ఫిబ్రవరిలో తెఱవబడెను. ఆ దారికై అంగళ్లు పోవునని వర్తకులు చాలకాలము పోరాడిరి. పూర్వము మిద్దెమీద కాపురమున్న పెక్కు కుటుంబములు దూరపు పేటలకు తరలెను. ఆ గదులలో చీరల మూటలు కాపురమున్నవి. అంగడి మిగిలినది, డాబాపై మాట తగ్గినది.

మన పిల్లలును ఇప్పుడు నగరములలో అద్దెయిండ్ల నున్నారు. ఇల్లు చూడబోవునపుడు నీటివసతిని, అద్దెను విచారించుట మంచిదే. ప్రక్క వాటాలో నెవరున్నారు, వారి భాష యేది, వారి కడవ మన బావికి రానిత్తుమా యని కూడ విచారించుకొనవలెను. ఇదే ప్రశ్న మన యూరి బావులకును చెల్లును. ఇంకొక విన్నపము. మీ యింట పాత దస్తావేజులు, కౌలు కాగితములు ఉన్నచో వానిని చెదలపాలు కానీయకుడు. ఏ యింట నెవరుండిరో, ఎవరెవరు ఎచ్చటినుండి వచ్చిరో మనుమలకు తెలియునట్లు వ్రాసిపెట్టుడు. రెసిడెన్సీ బజారు కథ నేడు చెప్పగలుగుచున్నా మన్న, ఎవరో వ్రాసి దాచినందుననే గదా! సెలవు.