కుక్క కీలుకు దాని నెత్తురే మందు

గొర్రెల మందకో, తోటకో కాపలా కాసే కుక్క ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి ఒక కాలు మోపలేక కుంటడం మీరు చూసే ఉంటారు. ముసలిదైపోయిందని వదిలేస్తాం. కాని అది చాలాసార్లు కీలు అరిగిన నొప్పి. ఆ కుక్క నెత్తురులోనే కొంత భాగం వేరుచేసి, ఆ కీలులోకి ఎక్కించే చికిత్స ఒకటి ఉన్నది. అది ఎట్లా పుట్టిందో, ఎంతవరకు నమ్మవచ్చునో చెప్పుకుందాం.

ప్లేట్‌లెట్లు అనే మాట డెంగ్యూ జ్వరాల పుణ్యమా అని ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ వినబడుతున్నది. నూట యాభై ఏళ్ల కిందట పండితులకే వాటి సంగతి అంతుపట్టలేదు. నెత్తురులోని తుక్కు అనుకొన్నవారున్నారు. 1865లో జర్మనీలో మాక్స్ షుల్ట్జ్ అవి ఆరోగ్యవంతుల నెత్తురులోనూ ఉంటాయని రాశాడు. 1882లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో జూలియో బిజ్జొజెరో అనే వైద్యుడు, బతికి ఉన్న గినీ పందుల పేగుల దగ్గరి సన్నని రక్తనాళాలను సూక్ష్మదర్శినితో చూశాడు. నాళం దెబ్బతిన్న చోటికి ముందుగా చేరి అతుక్కునేవి ఇవేనని తేల్చాడు. కాలువకు గండి పడితే ముందుగా పరుగెత్తే మనుషుల్లాంటివి అన్నమాట.

తరువాత చాలాకాలం వాటి పని గండి పూడ్చడమేనని అనుకొన్నారు. 1974లో అమెరికాలోని సియాటిల్ నగరంలో రస్సెల్ రాస్, ఆయన తోటివారు కోతి రక్తనాళపు కణాలను గాజుపాత్రల్లో పెంచారు. మామూలుగా గడ్డకట్టిన నెత్తురు నుంచి తీసిన ద్రవం పోస్తే కణాలు బాగా వృద్ధి అయినవి. ప్లేట్‌లెట్లు ముందే తీసివేసిన ద్రవం పోస్తే అంతగా కాలేదు. అంటే గండి పూడ్చేవాళ్లే గట్టు తిరిగి కట్టే సామాను కూడా మోసుకొస్తున్నారు! నన్నడిగితే ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే.

1998లో మయామీలో రాబర్ట్ మార్క్స్ దవడ ఎముక అతికేటప్పుడు ఈ ద్రవం వాడి, ఎముక త్వరగా కుదురుకున్నదని 88 మంది రోగుల మీద చూపాడు. ఆ తరువాత గుర్రాల నరాలకు, కుక్కల కీళ్లకు వాడకం పాకింది.

పద్ధతి మీకు కొత్తగా తోచదు. పాలకేంద్రంలో మీగడ తీసే యంత్రం చూశారు కదా, అదే సూత్రం. కుక్క మెడ నరం నుంచి నెత్తురు తీసి, గడ్డకట్టకుండా మందు కలిపి గిర్రున తిప్పుతారు. బరువైన ఎర్రకణాలు అడుక్కు పోతాయి. పైనున్న ద్రవంలో ప్లేట్‌లెట్లు దట్టంగా ఉన్న భాగాన్ని తీసి, కుక్కకు మత్తిచ్చి కీలులో సూది వేస్తారు.

2013లో అమెరికాలో ఒక్కొక్క కీలు అరిగిన 20 కుక్కల మీద పరీక్ష చేశారు. కొన్నిటికి ఈ ద్రవం, కొన్నిటికి ఉత్త ఉప్పునీటి సూది. 12 వారాలకు ద్రవం పడిన కుక్కలు ఆ కాలు మీద మునుపటికన్న ఎక్కువ బరువు మోపినవి. మంచి కబురే. అయితే ఇరవై కుక్కలు ఇరవైయే. 2015లో అయిదు రకాల పరికరాలతో కుక్కల నెత్తురును వేరుచేసి చూస్తే, ఒక్కొక్క దానిలో వచ్చిన ద్రవం ఒక్కొక్క తీరుగా ఉన్నది. కాబట్టి "ప్లేట్‌లెట్ల సూది" అన్నవాళ్లందరూ ఒకే మందు ఇస్తున్నారనుకోకండి. పూర్తిగా అరిగిన కీలు దీనితో కొత్తది కాదు. కుక్క ఒళ్లు తగ్గించడం, నొప్పి మందులు, మితమైన నడక, వీటికి ఇది బదులూ కాదు.

మన పల్లెల్లో ఇంకొక చిక్కున్నది. పిడుదులు, కొందరు గోమార్లంటారు, కుక్కకు ఎర్లీకియా అనే రోగాన్ని అంటిస్తాయి. 1935లో అల్జీరియాలో దీన్ని మొదట గుర్తించారు. ఈ రోగంలో ప్లేట్‌లెట్లే పడిపోతాయి. ముక్కు వెంట నెత్తురు కారవచ్చు, కీళ్లూ నొప్పి పెట్టవచ్చు. అట్టి కుక్క నెత్తురు తిప్పితే చేతికొచ్చేదేముంది? అందుచేత కుంటే కుక్కను పశువైద్యుని దగ్గరకు తోలుకుపోయినప్పుడు, ముందు చెవుల వెనుక, వేళ్ల సందుల్లో పిడుదులున్నవేమో చూపించండి, నెత్తురులో ప్లేట్‌లెట్ల లెక్క కట్టించండి. మామూలు కుక్కకు మైక్రోలీటరుకు సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల వరకు ఉంటాయి.