కళ్ళెం తెగిన జన్యువు

ఏబీఎల్1 అనగానే వైద్య విద్యార్థికి గుర్తొచ్చేది కేన్సరే. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్తకేన్సర్‌కు మూలం ఆ జన్యువేనని చదువుకుని ఉంటాడు. అందులో తప్పు లేదు గానీ, చరిత్రను మొదటినుంచీ చూస్తే తేలేది వేరు. ఈ జన్యువు తయారుచేసే కైనేజ్ ఎంజైము చాలావరకు నోరు కట్టుకుని ఉండాలి. పిలుపు వచ్చినప్పుడే పనిచేసి, పని కాగానే మానుకోవాలి. దాని అసలు నేర్పు ఆ మానుకోవడంలోనే ఉంది. ఈ సంగతి బోధపడటానికి నలభై ఏళ్ళు పైబడి పట్టిందంటే, పరిశోధకుల చేతికి ముందు చిక్కింది అదుపు తప్పిన జన్యువు కావడమే కారణం.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ ల్యుకేమియా కణాలున్న గాజుపలకలను కుళాయి నీళ్ళతో కడిగేవాడు. ఆ నీటికి కణాలు ఉబ్బి, లోపలి క్రోమోజోములు విడివిడిగా పరుచుకునేవి. వాటిని చదవడం తెలిసిన డేవిడ్ హంగర్‌ఫర్డ్‌తో కలిసి చూస్తే, రోగుల కణాల్లో మరీ కురచగా ఉన్న క్రోమోజోమ్ ఒకటి కనిపించింది. ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. ఒక ముక్క ఊడిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1973లో షికాగోలో జానెట్ రౌలీ, చారలు తేల్చే కొత్త రంగుల సాయంతో, ఏదీ పోలేదని చూపింది: 22వ క్రోమోజోమ్ ముక్క 9వ దాని చివర అతుక్కుని ఉంది. ఇది చిన్న సవరణ కాదు. ముక్క పోతే జబ్బు లోటువల్ల వచ్చినట్టు. చోటు మారితే, కలవకూడనివి కలిసినందువల్ల వచ్చినట్టు. అక్కడినుంచి వెతకాల్సిన వస్తువే మారిపోయింది.

వేరే దారిలో, 1970లో హెర్బర్ట్ ఏబెల్సన్ ఎలుకలకు ల్యుకేమియా తెచ్చే ఒక వైరస్‌ను వర్ణించాడు. ఆ వైరస్ ఎలుకల సొంత జన్యువునే ఎత్తుకొచ్చి మోస్తోందని తర్వాత తెలిసింది; ఆ జన్యువే ఏబీఎల్. 1979లో సాల్క్ సంస్థలో టోనీ హంటర్ అమైనో ఆమ్లాలను వేరుచేయడానికి పాతబడి పులుపెక్కిన ద్రావణాన్నే మళ్ళీ వాడినందువల్ల, అంతవరకు కలిసిపోయి కనిపించిన వాటి రెండు మచ్చలు విడిపోయి, ప్రొటీన్లలోని టైరోసిన్‌కు ఫాస్ఫేటు తగిలించే కైనేజులు ఉన్నాయని బయటపడింది. మరుసటి ఏడే ఏబెల్సన్ ప్రొటీనుదీ అదే పనని రుజువైంది. కైనేజు తగిలించే ఆ ఫాస్ఫేటు ఏటీపీ నుంచి వస్తుంది. 1929లో ఆ ఏటీపీని కండరంలో గుర్తించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారన్నది ఈ కథలో మరిచిపోకూడని మాట. 1982లో మనిషి ఏబీఎల్ 9వ క్రోమోజోమ్ నుంచి 22వ దానిపైకి చేరుతోందని తేలింది. అక్కడి బీసీఆర్ అనే జన్యువుతో అది అతుక్కుంటుంది. రెండు దారులూ అలా కలిశాయి.

అతుకు పడ్డాక ఎంజైములో పని చేసే భాగం మారలేదు. పోయింది ముందు కొస. మామూలు ఏబీఎల్ ప్రొటీను ఒక రూపంలో ఆ కొసకు చిన్న కొవ్వు గొలుసు ఉంటుంది; అది వెనక్కి వంగి ఎంజైములోని ఒక గుంటలో ఒదిగి దాన్ని ముడిచి ఉంచుతుందని 2003లో స్ఫటిక నిర్మాణాలు చూపాయి. బీసీఆర్ ఆ కొసను తీసేయడమే కాక, అణువులను గుంపుగా చేర్చి ఒకదాన్నొకటి రెచ్చగొట్టేలా చేస్తుంది. అలాంటప్పుడు ఈ జన్యువు ఉండటమే ప్రమాదం కాదా అనవచ్చు. కాదు. 1991లో ఏబీఎల్ లేకుండా పుట్టించిన ఎలుకపిల్లలు చాలావరకు చిక్కిపోయి చిన్న వయసులోనే చనిపోయాయి, వాటిలో లింఫోసైట్లు తగ్గాయి. కణం ఆకారాన్ని నిలిపే ఆక్టిన్ తంతువులను సర్దడంలోనూ, డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు కేంద్రకంలో స్పందించడంలోనూ ఏబీఎల్ పాత్ర ఉంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. ఎంజైమును ముడిచి ఉంచే ఈ కళ్ళెం సంగతి తెలియకముందే మందు వచ్చింది కదా? నిజమే. బాసెల్‌లో రసాయనవేత్తలు మలిచిన ఇమాటినిబ్‌ను బ్రయన్ డ్రుకర్ 1998లో రోగులకివ్వడం మొదలుపెట్టాడు. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. ఇందులో కళ్ళెం గురించిన జ్ఞానానికి వాటా లేదని ఒప్పుకోవాల్సిందే. కానీ ఏటీపీ కూర్చునే చోటు కైనేజులన్నిటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. అక్కడే కూర్చునే ఈ మందు చాలావాటిని వదిలి ఏబీఎల్‌నే ఎలా పట్టింది? ఎంజైము పని మానుకున్న భంగిమలో ఉన్నప్పుడే ఇమాటినిబ్ అందులో ఇముడుతుందని 2000లో జాన్ కురియన్ బృందం చూపింది. మందు ఫలించిందే ఆ విశ్రాంతి భంగిమ వల్ల. తర్వాత 315వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారి కొందరిలో మందు పట్టడం మానేసింది. 2021లో అమెరికాలో అనుమతి పొందిన అసిమినిబ్ ఆ మార్పు ఉన్నవారికీ ఇస్తారు. అది ఏటీపీ చోటు జోలికే పోదు. కొవ్వు గొలుసు పోయాక ఖాళీపడిన గుంటలో తానే దూరి, ఎంజైమును మళ్ళీ ముడిచేస్తుంది.