మకాం ఎప్పుడు వతన్ అవుతుంది?

షాదీలోనో వలీమాలోనో కొత్తవాళ్లు కలిస్తే సలాం తర్వాత వచ్చే మొదటి సవాల్ ఒకటే: "మీ అసలు ఊరేది భాయ్?" బెజవాడలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న మనిషి కూడా ఒక్క క్షణం ఆగి, "అసలు పామర్రు, ఇప్పుడు బెజవాడ" అంటాడు. ఆ "అసలు"కూ ఈ "ఇప్పుడు"కూ మధ్య మన ఖాందాన్ల తారీఖ్ అంతా దాగి ఉంది.

పామర్రు మొదటి నుంచీ దారి మీద ఊరే. పడమరకు వెళ్తే విజయవాడ, తూర్పుకు వెళ్తే బందరు, ఒక పక్క గుడివాడ, ఇంకో పక్క కూచిపూడి, చల్లపల్లి. 65వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే బందరు వెళ్తుంది. దిగమర్రు వెళ్లే 165వ నంబరు రహదారి ఇక్కడే మొదలవుతుంది. ఈద్ ముందు రోజు ఇక్కడి బస్టాండులో నిలబడితే చాలు. చేతిలో మిఠాయి డబ్బా, పక్కన నిద్రమొహం పిల్లలు, మైకాకు వెళ్తున్న ఆడపడుచులు కనిపిస్తారు.

మన తెలుగులో మాటలు కూడా ఇలా ప్రయాణం చేసి వచ్చి స్థిరపడినవే. బందర్ అంటే ఫార్సీలో రేవు. మచిలీపట్నాన్ని ఈ జిల్లావాళ్లంతా హిందూ ముస్లిం తేడా లేకుండా బందరు అనే పిలుస్తారు. మంజిల్ మజిలీ అయింది. ఖబర్ కబురు అయింది, ఆ కబురు నుంచి కబుర్లు పుట్టాయి. మఖాం మకాం అయింది. "మకాం మార్చాం" అనే రైతుకు అది అరబ్బీ మాట అని తెలియదు, తెలియాల్సిన జరూరత్ కూడా లేదు. ఆ మాట ఇప్పుడు అతనిదే.

మాటల వెనకే మనుషులు వచ్చారు. 17వ శతాబ్దంలో బందరు గోల్కొండ సుల్తానుల పెద్ద రేవు. ఇక్కడి జహాజులు ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కు, అరేబియాలోని మోఖాకు, బర్మా తీరానికి, సుమత్రాలోని ఆచేకు వెళ్లేవి. కలంకారీ బట్టలు వెళ్లేవి, గుర్రాలూ కెంపులూ వచ్చేవి. డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, తర్వాత ఫ్రెంచివాళ్లు కొఠీలు పెట్టుకున్నారు. ఇరానీ తాజిర్లు ఎంతోమంది వ్యాపారం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు.

వాళ్లలో అందరికంటే పేరు పడ్డవాడు మీర్ ముహమ్మద్ సయీద్, తర్వాతి పేరు మీర్ జుమ్లా. ఇస్ఫహాన్ దగ్గరి అర్దిస్తాన్ అతని ఊరు. నూనె వ్యాపారి కొడుకని చెబుతారు. వజ్రాల వ్యాపారంతో గోల్కొండ చేరి, 1630లలో బందరు హాకిమ్ అయ్యాడు. సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షాకు వజీర్ అయ్యాడు. 1650లో గండికోట గెలిచాడు. సొంత ఫౌజు, సొంత జహాజులు సంపాదించాడు. కానీ సుల్తానుకూ అతనికీ చెడింది. 1655లో అతని కొడుకునూ కుటుంబాన్నీ సుల్తాన్ ఖైదు చేశాడు. మీర్ జుమ్లా మొగలుల కొలువులో చేరాడు. 1663లో ఢాకా దగ్గర ఇంతకాల్ అయ్యాడు. అర్దిస్తాన్ నుంచి ఢాకా దాకా ఎంత దౌలత్ చూశాడో లెక్కలేదు. అయినా ఏ ఊరూ అతనికి చివరిదాకా సొంత ఊరు కాలేదు.

అదే కాలంలో అదే దారి మీద ఇంకో కథ కూడా ఉంది. చివరి కుతుబ్ షాహీ సుల్తాన్ అబుల్ హసన్ తానాషా బందరు వైపు వెళ్తూ పామర్రు పక్కనున్న కూచిపూడిలో ఆగాడని, అక్కడి కళాకారుల ప్రదర్శన చూసి సంతోషపడి ఆ ఊరిని వాళ్లకే ఇనాముగా ఇచ్చాడని కూచిపూడి కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటాయి. అక్కడ మెహమాన్ ఒక సుల్తాన్, మేజ్‌బాన్‌లు భాగవతులు. మజిలీ ఒక్క పూటే అయినా, పేరు మూడు వందల ఏళ్లు దాటి నిలిచింది.

బందరు వైభవం ఎప్పటికీ అలాగే ఉండలేదు. రేవు పూడుతూ వచ్చింది. 1864 నవంబరు 1న వచ్చిన తుఫాను ఉప్పెనలో సుమారు 30 వేలమంది చనిపోయారు. అదే సమయానికి బెజవాడ లేస్తోంది. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన తర్వాత కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టాలన్న ఆలోచన బలపడింది. 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. కాలువలు పొలాలకు నీళ్లే కాదు, మనుషులకు దారి కూడా ఇచ్చాయి. బెజవాడ నుంచి బందరు కాలువలో పడవలు నడిచేవి. ధాన్యం బస్తాల పక్కన కూర్చుని చుట్టాలు చుట్టాలింటికి వెళ్లిన రోజులవి. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది, తర్వాత కొన్నేళ్లకే కృష్ణ మీద రైలు వంతెన పడింది. పాత ఆనకట్టకు 1952లో గండి పడితే, దాని స్థానంలో 1957కల్లా ప్రకాశం బ్యారేజీ లేచింది.

రైలుతో పాటే రోజ్‌గార్ వచ్చింది. బందరు, గుడివాడ, పామర్రు వైపు నుంచి మనవాళ్లు బెజవాడకు మకాం మార్చారు. వించిపేట, పంజా సెంటర్, భవానీపురం మనకు మొహల్లాలయ్యాయి. దర్జీలు, దూది ఏకేవాళ్లు, తోలు వ్యాపారులు, మెకానిక్కులు, చిన్న నౌకరీలవాళ్లు, అందరూ మొదట ఒక గది అద్దెకు తీసుకున్నవాళ్లే. ఉర్దూ ఇళ్లూ ఉన్నాయి, తెలుగే మాదరీ జబాన్ అయిన నూర్ బాషా ఇళ్లూ ఉన్నాయి. మొదట్లో అందరి మనసులో మాట ఒకటే: నాలుగు డబ్బులు సంపాదించి వెనక్కి వెళ్లిపోదాం.

మరి ఆ మకాం ఎప్పుడు వతన్ అయింది? దీనికి మన హనఫీ ఫిఖహ్‌లో చక్కని జవాబు ఉంది. మనిషికి రెండు రకాల వతన్‌లు ఉంటాయంటారు ఉలమాలు. పదిహేను రోజులో అంతకు మించో ఆగాలన్న నియ్యత్‌తో ఉన్న చోటు వతనె ఇఖామత్. భార్యాబిడ్డలతో శాశ్వతంగా స్థిరపడిన చోటు వతనె అస్లీ. పాత ఊరిని పూర్తిగా వదిలి కొత్త ఊళ్లో స్థిరపడితే, ఆ కొత్త ఊరే అస్లీ అవుతుంది. సఫర్ దూరంలో ఉన్న పాత ఊరికి నాలుగు రోజులకని వెళ్తే అక్కడ నమాజు ఖస్ర్ చేయాలి, అంటే పుట్టిన ఊళ్లోనే ముసాఫిర్. ఆ దూరం సుమారు 77 కిలోమీటర్లు. ఆ లెక్కన పామర్రు నుంచి బెజవాడ వచ్చినవాడు ముసాఫిర్ కూడా కాడు! షరీఅత్ లెక్కలో అంత దగ్గర ఊరిని మనమే దూరం చేసుకుంటున్నాం.

ఈ విషయంలో అన్నిటికంటే గొప్ప మిసాల్ మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లంది. 622లో మక్కా వదిలి మదీనాకు హిజ్రత్ చేశారు. అన్సార్లు ముహాజిర్లను భాయీచారాతో ఇళ్లలో చేర్చుకున్నారు. 630లో మక్కా ఫతహ్ అయింది. పుట్టిన ఊరు చేతికొచ్చింది కదా, ఇక ఇక్కడే ఉండిపోతారేమోనని అన్సార్లు దిగులు పడ్డారు. ఆయన వాళ్లతోనే మదీనాకు తిరిగి వచ్చారు. మక్కాలో ఉన్న ఆ రోజుల్లో నమాజును ఖస్ర్ చేశారని హదీసుల్లో ఉంది. పుట్టిన ఊరి మీద మొహబ్బత్ తగ్గి కాదు, ఆదరించిన ఊరి హక్కు తెలిసి. ఆయన రౌజా ఈరోజుకీ మదీనాలోనే ఉంది.

కాబట్టి "మీరు ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు" అని ఎవరైనా అంటే తల దించుకోవాల్సిన పనిలేదు. కాలువ నీళ్లు వచ్చాక ఈ డెల్టాలో ఎవరెవరు ఎక్కడెక్కడి నుంచి వచ్చి సాగులోకి దిగారో ప్రతి ఊరికీ ఒక కథ ఉంది. వచ్చి ఎంతకాలమైందన్నది కాదు, వచ్చిన చోట ఏ హక్కులు నిలబెట్టామన్నదే సవాల్.

అలాగని బెజవాడ వతన్ అయిందని పామర్రులో ఉన్న అమ్మీ, అబ్బా, ఫూఫీ మీద బాధ్యత తీరిపోదు. ఊరు మారితే నమాజు లెక్క మారుతుంది, రిష్తా లెక్క మారదు. సిలా రహమీ చేసేవాడి రిజ్క్‌లో, ఉమర్‌లో బర్కత్ ఉంటుందని హదీసు. మెహమాన్ హక్కు మూడు రోజులు. వాళ్లను మన దగ్గరికి రమ్మనడం ఒక వంతు, మనం వెళ్లడం రెండో వంతు. ఖాలాను తీసుకొచ్చి సాయంత్రం బ్యారేజీ మీద నడిపించండి, కొండపల్లి షా బుఖారీ దర్గా చూపించండి, ఇంటికొచ్చాక దస్తర్‌ఖాన్ పరిచి పాత కబుర్లు అడగండి. పిల్లలు పక్కనే కూర్చోవాలి. ఏ ఊళ్లో ఎవరి కబర్ ఉందో, ఏ సంవత్సరం మకాం మార్చారో పెద్దవాళ్ల నోటి నుంచే తెలియాలి. కాగితాల్లో ఎక్కడా రాసిలేని తారీఖ్ అది, వాళ్లతోనే పోతుంది.

వచ్చే జుమా తర్వాత బందరు బస్సెక్కండి. పామర్రు గంటన్నర దూరమే.