కౌలాస్ కోటకు ఒక పూట

జుక్కల్ దాకా వచ్చి కౌలాస్ కోట చూడకుండా పోతారా, సోదరీమణులారా? సద్ది కట్టుకోండి. దారి తెలిసిన ఊరి పెద్దనొకర్ని వెంటబెట్టుకోండి, గుట్టమీది ముళ్ళపొదలు కొంగు పట్టుకుంటే వదలవు! పిల్లల్ని ఆడుకోనీయండి. అయితే ఝాన్సీ కథ చెప్పే మనం ఈ కోట కథ చెప్పమేం? 1857 తిరుగుబాటు రోజుల్లో నానాసాహెబు పక్షాన మనుషుల్ని కూడగట్టిన రంగారావు పాగేతో చేయి కలిపాడని ఇక్కడి రాజా దీప్‌సింగ్‌కు మూడేళ్ళ జైలు వేశారు, జాగీరు లాక్కున్నారు. రంగారావును అండమాన్ పంపారు. నిజాం ప్రభువేమో ఇంగ్లీషువాళ్ళ వైపు! ఆయన కింద బతికే చిన్న సంస్థానానికి అదెంత తెగువ! ఎండ చల్లబడ్డాక ఈ మండలంలోదే కౌలాస్ నాలా ప్రాజెక్టు చూడండి. నీళ్ళు కనబడగానే పిల్లలు దూకుతామంటారు. గట్టున కాళ్ళు తడుపుకోనివ్వండి చాలు, లోతుకు వద్దు. మిగిలిన సద్ది అక్కడే విప్పండి.